గృహాలంకారమును పూర్ణఘటమును

ఇంట శిల్పము నుంచుకొనుట రసికతయా, విలాసమా? ఆఁకలిగొన్నవాఁడు వాకిట నిలిచియుండఁగా గోడకు రాతితామర యేల యని సంస్కారప్రియులు కొందఱు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న త్రోసివేయఁదగినది కాదు. అయినను తామరను నిందించుటకు ముందు అమరావతి శిల్పులు దాని నే భావముతోఁ జెక్కిరో విచారించుట న్యాయము.

కృష్ణానది దక్షిణతీరమున, నేఁడు పల్నాడు జిల్లాలోఁ జేరియున్న యీ గ్రామమున, రెండువేల యేండ్లకుఁ బూర్వమే మహాస్తూపము వెలసియుండెను. దాని చుట్టునున్న ప్రాకారస్తంభములపై లేఁతవన్నె సున్నపురాయి వికసించిన పద్మమైనది. వానిపైఁ బేర్చిన రాళ్లమీఁద పొడవైన పూదండ యలలవలె సాగినది. స్తూపమునకుఁ దాపిన పలకలలోఁ గొన్నింటిపై పూర్ణఘటము గలదు. కుండ నోటినుండి మొగ్గలు, పూవులు, ఆకులు నలుగడలకుఁ బొరలివచ్చును. కొలనిలోని జీవమును మనుష్యుఁడు తన వంటయింటి కుండతో జతపఱచిన రూపమిది.

అట్టి ఫలక మొకదానిపై శాసనము గలదు. ఉపాధ్యాయుఁడగు నాగుని కుమారుఁడు విధికుఁడు తల్లితోను, భార్యతోను, సోదరులతోను, బిడ్డలతోను, బంధుమిత్రులతోను గూడి దానిని సమర్పించెనని యందున్నది. ఈ విధికుఁడు చర్మకారుఁడు! నిండుకుండను శుభచిహ్నమని ద్వారబంధములపైఁ జెక్కించుకొని, విధికుని వృత్తివారిని గడప కావల నిలిపినవారము మనము. దోషము చిహ్నమునందున్నదా, గడపయందున్నదా?

పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు అమరావతికి నివాసము మార్చుకొన్నప్పుడు స్తూపపు దిబ్బలోని రాళ్లు క్రొత్తకట్టడములకుఁ బోయినవి. 1797లో చూచిపోయిన మెకంజీ 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించునప్పటికే నష్టము మెండైనది. కొన్ని పలకలు సున్నమునకై కాల్చఁబడెను. 1845లో ఎలియట్ త్రవ్వించినవానిలో ననేకములు మద్రాసుమీఁదుగా లండను చేరినవి. శిల్పము గోడలలోనికి వచ్చినది గాని శిల్పభావము మనయిండ్లలోనికి రాలేదు.

మాచర్ల ప్రాంతమున దుర్గి శిల్పులు నేఁడును రాతిని జెక్కుచునే యున్నారు. వారి తామరను గొనితెచ్చి కూడమున నుంచుకొనుట తప్పని మేము చెప్పము. మూఁడు ప్రశ్నలు మాత్ర మడుగుదుము. దానికిఁ దగిన వెల నిచ్చితిమా? చెక్కినవాఁడు మనయింటికి వచ్చినచోఁ బీఁట వేయుదుమా? గోడకు తామరను దగిలించి, ఊరిచెఱువులోని తామరను చెత్తతోఁ బూడ్చుచుంటిమా? వీనికిఁ దల వంపక యుత్తర మీయఁగల యింట శిల్పము విలాసము కాదు. దినదినమును గంటికెదురుగా నిలుచు నుపదేశము.

పొరలిపోవుటయే పూర్ణఘటలక్షణము. చదువరులారా! కుండలోని సమృద్ధి యంచు దాఁటి వాకిటనున్నవానిని జేరినప్పుడే ప్రకృతి మనయింటికి వచ్చినట్లు. చేరనిచో, ఎంత నేర్పుతోఁ జెక్కినను అది వట్టి రాయియే.