సంచి విప్పేది నువ్వు కాదమ్మా

అమ్మడూ, నీకు తొమ్మిదో నెల పడిందనీ, ఆసుపత్రి సంచి ఇంకా సర్దలేదనీ నిన్న ఫోన్లో మీ అమ్మే చెప్పింది. వద్దన్నదీ తనేనట. పుట్టకముందే బట్టలు పోగేస్తే దిష్టి తగులుతుందని ఒక మాట, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఇంకో మాట. చూలు తొమ్మిదో నెలకొచ్చాక ఆ సామెత చెల్లదని పెద్దమ్మ చెప్పిందను.

2009లో మా పెద్దదాని కాన్పు రాత్రి నాకు నిన్న జరిగినట్టుంది. ఒంటిగంటన్నరకి లేబర్ రూము తలుపు తెరుచుకుని నర్సమ్మ "బ్లడ్ గ్రూపు కాగితం ఏదండీ?" అంది. మా అల్లుడు వరండాలో బల్ల మీద సూట్‌కేసు బోర్లించాడు. పట్టుచీర, సీమంతం గాజులు, అరడజను జరీ గౌన్లు, పౌడరు డబ్బా, ఆఖరికి నా మోకాళ్ల నొప్పుల తైలం కూడా బయటపడింది. కాగితం మాత్రం లేదు. నర్సమ్మ లోపలికెళ్లి, నొప్పులు పడుతున్నదాన్నే అడిగొచ్చి చెప్పింది: చేతిసంచిలో ఉందట. చేతిసంచి ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. మళ్లీ రక్తం తీసి పరీక్షకి పంపారు. ఆ సూట్‌కేసు మా అమ్మాయే వారం రోజులు ముచ్చటపడి సర్దుకుంది. విప్పే వేళకి తను అక్కడ లేదు, అంతే.

నీ సంచిలో చెయ్యి పెట్టేది మీ అమ్మో, మీ ఆయనో. కంగారులో ఉన్నవాళ్ల చేతికి తగిలేలా సర్దాలి.

కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి బయటి జేబులో పెట్టు: ఆధార్, తేదీల వరసన డాక్టరమ్మ చీటీలు, స్కానింగులు, రక్తపరీక్షలు, బీమా కార్డు. అన్నిటికీ పైన ఒక తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో నీ బ్లడ్ గ్రూపు, నీకు పడని మందు, అవసరమైతే రక్తం ఇచ్చే ఇద్దరి నంబర్లు రాసిపెట్టు. ఆసుపత్రిలో నీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించమని మీ ఆయనకి చెప్పు. అక్కడ తప్పిన అక్షరం బిడ్డ జనన ధ్రువపత్రం దాకా పోతుంది, ఆనక దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. జననం 21 రోజుల్లోగా నమోదైందో లేదో చూసుకునే పని కూడా అతనిదే.

నీకు ముందు జిప్పున్న ముదురు రంగు నైటీలు నాలుగు, పెద్ద ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, లోదుస్తులు, తువ్వాలు, జారని చెప్పులు, ఫ్లాస్కు, పొడుగు వైరున్న చార్జరు. బంగారం వద్దు. ఆపరేషన్ అంటే అన్నీ తీయిస్తారు, అవి ఎవరి కొంగున కట్టుకోవాలి? గోళ్ల రంగు తుడిచెయ్యి, అది ఉంటే వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగ్గా చూపించకపోవచ్చు. మీ అమ్మకో దుప్పటి, ఆవిడ బీపీ మాత్రలు మరిచిపోకు.

బిడ్డ బట్టల దగ్గర మాత్రం మీ అమ్మ దిష్టి మాట పనికొస్తుంది, కొత్తవి కొనొద్దు. మన పెద్దవాళ్లు పొత్తిగుడ్డలకి పాత నేతచీరలే చింపేవారు. నూరు ఉతుకులు పడ్డ నూలు మెత్తదనం ఏ షాపులోనూ దొరకదు. కానీ బీరువాలో దాచినవి తీయకు. అక్కడ కలరా ఉండలుంటాయి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పసివాళ్లకి ఆ ఆవిరి తగిలితే రక్తకణాలు చితికి కామెర్లు ముదురుతాయి. మీ అమ్మ రోజూ ఇంట్లో కట్టే చీరలు రెండు అడుగు. వేణ్ణీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి విడిగా మూట కట్టు.

మీ నాయనమ్మ నాలిక మీద రాయడానికి తేనె సీసా తెస్తుంది, నాకు తెలుసు. పాలసీసా, పాలడబ్బా, తేనె మూడూ ఇంట్లోనే ఉండాలి. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆపరేషన్ అయినా పట్టొచ్చు. తేనె ఏడాది నిండేదాకా వద్దు. ఆవిడతో నువ్వు వాదించకు, నామీద పెట్టు.

తెనాలి నుంచి గుంటూరు దగ్గరే అని ధీమాగా ఉండకు. ఉమ్మనీరు పోతే టైము చూసుకుని బయల్దేరు. అది పచ్చగా ఉన్నా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా సంచి కోసం కూడా ఆగొద్దు, దాన్ని వెనక ఎవరైనా తెస్తారు. కారు దొరక్కపోతే 108కి చెయ్యి. 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే మొదలైన బండి అది.

ఆదివారం మీ ఆయన వస్తాడటగా. నువ్వు మంచం మీద కూర్చుని చెబుతూ ఉండు, సర్దడం అతన్నే సర్దమను. అయ్యాక లైటు ఆర్పి, బ్లడ్ గ్రూపు కాగితం తీసివ్వమని అడుగు.