ఓనమాలకు ముందు

పళ్లెములోని బియ్యముపై బిడ్డ చేయి పట్టి ఓనమాలు దిద్దించి బడికి పంపినంతనే తమ ధర్మము తీరినదని పలువురు తల్లిదండ్రుల తలంపు. నారదోపదేశమును ప్రహ్లాదుడు మాతృగర్భముననే వినెనని భాగవతము చెప్పుచున్నది. చండామార్కుల చెంతకు పోవుటకు పూర్వమే ఆతని విద్య ఆరంభమైనది గదా!

వీనులకు పరిచితమైన మాటనే కన్ను తేలికగా గుర్తించును. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములు రాగిరేకులపై నిలిచినవి. తెలుగిండ్లలో కొన్ని లాలిపాటలుగను నిలిచినవి. అట్టి పాట యొకటి నోటికి వచ్చిన బిడ్డ ముందు పుస్తకము తెరచి, పాడుచున్న మాట క్రింద వ్రేలు నడుపవలెను. ప్రతి చరణము ముగియగానే వ్రేలు మరల పల్లవిపైకే పోవును. కొలది దినములలో ఆ పల్లవిలోని మాటను బిడ్డయే వెదకి చూపును. అప్పుడా కన్నులలో కలుగు వెలుగు మొట్టికాయలకు రాదు. మూడేండ్ల పసివాని లేతవ్రేళ్లను బలవంతముగా వంచి, 'అ' వంకరపోయినదని దండించుట ఏ శాస్త్రమునకు సమ్మతము?

చదువురాని తల్లి సంకోచింపనక్కరలేదు. కథ చెప్పుచు నడుమ ఆపి, "తరువాత ఏమైనది?" అని బిడ్డచేతనే చెప్పింపవచ్చును, పుస్తకము తండ్రి పట్టుకొనును. సంధ్యాదీపము పెట్టిన పిదప పావుగంట చాలును. తీరిక లేదను తండ్రి తన సెల్‌ఫోనును అంతసేపు గూటిలో నుంచినచో ఆ కాలము దొరకును.