ఫలితం ఆశించడం తప్పా? వీవీఎస్ లక్ష్మణ్ ఆట, ఒక గీతా శ్లోకం

భగవద్గీత రెండో అధ్యాయం, 47వ శ్లోకం గురించి ఎప్పుడు మాట్లాడినా ఒకే ప్రశ్న వస్తుంది. జగిత్యాల, కోరుట్లలో పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగేదీ అదే: "ఫలితం మీద ఆశ లేకుండా ఎవరైనా పని చేస్తరా అన్నా? ఉద్యోగం రావాలనే కదా పుస్తకం పట్టుకునేది?"

న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం మన హైదరాబాదీ బ్యాట్స్‌మన్ వీవీఎస్ లక్ష్మణ్ దగ్గరికి వెళ్దాం.

లక్ష్మణ్ అనగానే 2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్, 281 పరుగులు. ఎదురుగా వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా. మనం ఫాలో ఆన్‌లో ఉన్నాం. నాలుగో రోజు పొద్దంతా లక్ష్మణ్, ద్రవిడ్ ఇద్దరే ఆడారు, ఒక్క వికెట్ పడలేదు. ఈ కథ అందరికీ తెలిసిందే. నాకు మాత్రం గీత కనిపించేది రెండేళ్ల తర్వాత జరిగిన దాంట్లో.

2003 ప్రపంచకప్ జట్టులో ఆయన పేరు లేదు. 281 కొట్టిన మనిషికి చోటు లేదు! బాగా కుంగిపోయారు, ఆటే మానేద్దామా అనుకున్నారు, కొన్నాళ్లు అమెరికా వెళ్లిపోయారు. 134 టెస్టులు, 8,781 పరుగులు, 17 సెంచరీలు ఉన్న మనిషి కెరీర్ ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడకుండానే ముగిసింది.

మరి ఆయన ఫలం ఆశించినట్టే కదా? అవును, ఆశించారు, బాధపడ్డారు. దాంట్లో దాచాల్సిందేం లేదు. మనం ఆ శ్లోకంలో ముందు భాగమే చెప్పుకుంటాం, చివరి మాట వదిలేస్తాం. ఫలం నీ చేతిలో లేదన్న కృష్ణుడే, అట్లని పని మానేయడం మీదికి మనసు పోనివ్వకు అని కూడా అన్నాడు. ఆశ పుడుతుంది, మనుషులం కదా. అది తీరనప్పుడు పని మీదే అలిగి కూర్చుంటామా లేదా, అక్కడుంది అసలు సంగతి.

లక్ష్మణ్ తిరిగొచ్చారు. అదే ఏడాది డిసెంబర్‌లో అడిలైడ్‌లో 148, ద్రవిడ్‌తో 303 పరుగుల భాగస్వామ్యం. ఆ టెస్టు మనం గెలిచాం. మరుసటి నెల సిడ్నీలో 178. పోయిన ప్రపంచకప్ రాలేదు, ముందుకొచ్చిన బంతిని ఆడారు.

నిష్కామం అంటే మనసు రాయి కావాలనుకునేవాళ్లు 2010 మొహాలీ టెస్టు చూడండి. వెన్నునొప్పితో 73 నాటౌట్, ఒక్క వికెట్ తేడాతో గెలుపు. చివర్లో ఒక పరుగు కోసం ప్రజ్ఞాన్ ఓఝా మీద ఆయన అరిచిన అరుపు! ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి.

ఒక్క జాగ్రత్త. ఈ శ్లోకం ఎవరికి వాళ్లు చెప్పుకోవాల్సింది, ఎదుటివాళ్ల నోరు మూయించడానికి కాదు. సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర రోజంతా నిలబడిన కార్మికుడు కూలి అడిగితే "ఫలం ఆశించకు" అనడం పాపం. కూలి ఆయన హక్కు.

ఇక 2012 ఆగస్టు. న్యూజిలాండ్ సిరీస్‌కు లక్ష్మణ్ ఎంపికయ్యారు. 23న మొదలయ్యే తొలి టెస్టు సొంతూరు హైదరాబాద్‌లోనే. సొంత జనం ముందు వీడ్కోలు తీసుకోవచ్చు, ఎవరూ కాదనరు. అయినా 18నే రిటైర్మెంట్ ప్రకటించేశారు, లోపలి మాట విన్నానన్నారు.

మీరైతే ఆ ఒక్క మ్యాచ్ వదిలేసేవాళ్లా? నేనైతే ఆడేవాణ్నేమో.