ఏ బండ మీద సార్?

మీరు ఎర్రగుడి చూశారా? గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, జొన్నగిరి దగ్గర, అశోకుడి శాసనాలున్న బండలు. నేను చూడకముందే వాటి గురించి కర్నూలు సభలో మాట్లాడేశాను. ఫోన్లో వచ్చిన ఒక చక్కటి వాక్యం చదివి, "ఇది మన ఎర్రగుడి బండ మీదే ఉంది" అన్నాను. చప్పట్లు కొట్టారు. కడప పిల్లవాడొకడు మాత్రం తర్వాత దగ్గరికొచ్చి, "ఏ బండ మీద సార్? ఊరికి పోతాపోతా గుత్తిలో దిగి చూసిపోతా" అన్నాడు.

అప్పుడు వెతికాను. ఆ వాక్యం అక్కడ లేదు. లఘు శాసనంలో సత్యం పలకమని ఉంది. పన్నెండో శాసనంలో నాలుకను అదుపులో పెట్టుకొమ్మని, సొంత మతాన్ని పొగుడుకుంటూ పరమతాన్ని అకారణంగా నిందించవద్దని ఉంది. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం. లఘు శాసనంలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పండితులు అచ్చువేసిన పాఠం చూడకుండా మనబోటివాళ్లం చెప్పగలిగేది కాదు.

"మంచి మాటే కదా, ఎవరిదైతే ఏమి?" అన్నాడో మిత్రుడు. మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమార సుత్తం చూడండి. బుద్ధుడు మాటల్ని ఆరు రకాలుగా విడదీస్తాడు. నిజమై, మేలు చేసేదాన్ని కూడా సమయమెరిగే పలుకుతానంటాడు. అబద్ధమైనా మేలు చేసే మాట అనే రకం ఆ ఆరింటిలో లేనేలేదు. నా వాక్యానికి అక్కడ చోటు దొరకలేదు.

తర్వాతి సభలో నా తప్పు చెప్పాను. ఆ పిల్లవాడు రాలేదు. గుత్తిలో దిగే ఉంటాడు.