ఆ నూరుమందిలో అమ్మ ఎక్కడ?

బాత్రూంలో కాలు జారింది, తుంటి ఎముక విరిగింది. ఎనభై దాటిన తల్లిని ఆసుపత్రికి తెచ్చిన కొడుకు ఏ ఊళ్లోనైనా అడిగేది ఒకటే: "మళ్లీ లేచి నడుస్తుందా అండీ?" డాక్టర్ చేతిలో ఉన్న లెక్క మాత్రం వేరే ప్రశ్నకు జవాబు.

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ వైద్యులు 2008లో ఇలాంటి రోగుల కోసం పది పాయింట్ల పట్టిక ప్రకటించారు. వయసు 66 నుంచి 85 మధ్య అయితే మూడు, ఆపైన నాలుగు. మగవాడైతే ఒకటి. హిమోగ్లోబిన్ పదికి మించకపోతే ఒకటి, జ్ఞాపకశక్తి పరీక్షలో పదికి ఆరు దాటకపోతే ఒకటి. రెండో అంతకు మించో జబ్బులున్నా, ఇరవై ఏళ్లలో క్యాన్సర్ వచ్చినా, వృద్ధాశ్రమంలో ఉంటున్నా ఒక్కొక్కటి. అన్నీ కూడితే, నెల రోజుల్లో చనిపోయే అవకాశం శాతంలో తేలుతుంది. నడక ఊసే లేదు.

ఆ జ్ఞాపకశక్తి పరీక్ష 1972లో బ్రిటిష్ వైద్యుడు హాడ్కిన్‌సన్ తయారుచేసింది. మొదటి ప్రపంచ యుద్ధం ఏ ఏడాది వచ్చింది, సింహాసనం మీద ఉన్నదెవరు అని అడుగుతుంది. ఏ పొలం ఎవరికి ఎంతకు కౌలుకిచ్చిందీ నోటికి అప్పజెప్పే గుంటూరు జిల్లా మామ్మకు అక్కడ రెండు మార్కులు పోయినట్టే.

సరే, లెక్క నూటికి ఏడని తేలిందనుకుందాం. అమ్మ ఆ ఏడుగురిలో ఉందా, తొంభై ముగ్గురిలోనా? ఏ మనిషీ ఒక్క గుంపుకే చెందడని ఇంగ్లిష్ తర్కవేత్త జాన్ వెన్ 1866లోనే చిక్కుముడి చూపించాడు. ఎనభై దాటిన ఆడవాళ్లలో ఒక అంకె, షుగరున్నవాళ్లలో మరొకటి, పడిన రోజు పొద్దున కూడా తన బట్టలు తానే ఉతుక్కున్నవాళ్లలో ఇంకొకటి. గుంపును ఎంచుకున్నది లెక్క వేసినవాళ్లు. ఆమె నుదుట రాసి ఉన్నదేమీ కాదు.

నుదుటిరాత సంగతి చరకసంహితలోనూ తేలింది. ఆయువుకు గడువు ముందే నిర్ణయమా అని విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు అడుగుతాడు. అలాగైతే మందులెందుకు, మంత్రాలెందుకు, మదపుటేనుగు ఎదురొస్తే తప్పుకోవడమెందుకని గురువు ఆత్రేయుడు నిలదీస్తాడు. దైవం, అంటే వెనకటి జన్మలో చేసుకున్నది. పురుషకారం, అంటే ఇప్పుడు చేసేది. ఆయువు రెండింటి మీదా ఆధారపడుతుందంటాడు.

పట్టికలో పురుషకారానికి లొంగేలా కనిపించేది హిమోగ్లోబిన్ ఒక్కటే. రక్తం ఎక్కిస్తే పెరుగుతుంది. ముప్పు తగ్గుతుందా? అమెరికా, కెనడాల్లో తుంటి ఆపరేషన్ అయిన 2,016 మంది మీద జరిగిన ఫోకస్ అధ్యయనం 2011లో వెలువడింది. గుండెజబ్బో, దాని ముప్పో ఉన్నవాళ్లు వాళ్లంతా. ఒక గుంపుకు హిమోగ్లోబిన్ పదికి తగ్గగానే రక్తమిచ్చారు; రెండో గుంపుకు ఎనిమిదికి తగ్గితేనో, లక్షణాలు కనిపిస్తేనో. అరవై రోజులకు చనిపోయినవాళ్లు, సాయం లేకుండా గది దాటలేనివాళ్లు కలిపి రెండు చోట్లా దాదాపు 35 శాతమే. పొగను విసనకర్రతో చెదరగొడితే నిప్పు ఆరదు. లింగానికీ, అంటే గుర్తుకీ, కారణానికీ తేడా ఉందన్నది మన తర్కశాస్త్రపు నైయాయికులకు పాత సంగతే.

అయితే అంకె కదలదా? కదిలింది. బ్రిటన్‌లో 2007లో తుంటి విరుగుళ్ల జాతీయ నమోదు మొదలైంది. త్వరగా ఆపరేషన్ చేయాలి, వృద్ధుల వైద్యుడు కూడా చూడాలి అంటూ ఏ ఆసుపత్రి ఎంత చేస్తోందో లెక్కకట్టారు. నెల రోజుల మరణాలు ఇంగ్లండ్‌లో 10.9 శాతం నుంచి 2011 నాటికి 8.5కి తగ్గాయి. ముసలివాళ్ల వయసేమీ తగ్గలేదు.

చికిత్సకు చరకుడు చెప్పిన పాదాలు నాలుగు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. నాటింగ్‌హామ్ పట్టిక కొలిచేది నాలుగోదాన్ని మాత్రమే. పరిచారకుల పాదంలో మన ఇళ్ల వాటా తక్కువేం కాదు. ఆపరేషన్ మర్నాడే ఫిజియోథెరపిస్ట్ వచ్చి లేవదీయబోతే, "పచ్చి గాయమండీ, నాలుగు రోజులు పోనివ్వండి" అని అడ్డుపడేది చాలాసార్లు ప్రేమగా చూసుకునే చుట్టాలే.