ముందు చేయి, తరువాత గద్దింపు



ఒకడు తన తప్పిదమువలననే ఆపదలో పడినయెడల, వానికొరకు మరియొకడు తన ప్రాణమును ఒడ్డవలెనా? "చెప్పినను వినలేదు, అనుభవించనిమ్ము" అని మనము ఎందరిని గూర్చి అనుకొనలేదు?

ఆస్ట్రేలియా దేశములో, సిడ్నీ నగరమునందు బాండై అను సముద్రతీరమున్నది. అలలలో స్నానము చేయువారిని కాపాడుటకు 1907వ సంవత్సరములో అచ్చట ఒక క్లబ్బు ఏర్పడినది. దాని సభ్యులు జీతము పుచ్చుకొనరు. వారమంతయు తమ తమ పనులు చేసికొని, సెలవుదినములలో వచ్చి ఒడ్డున కావలి కాయుదురు. అలలలో ఈదుటయు, మునిగినవానికి ఊపిరి పోయుటయు నేర్చి, పరీక్షలో నెగ్గినవారే కావలికి నిలుతురు. నేర్వనివాడు దుమికినయెడల మునుగువారు ఇద్దరగుదురు గదా!

సముద్రము నెమ్మదిగా కనబడు చోటనే ఒక్కొక్కప్పుడు నీరు వేగముగా మనుష్యుని లోపలికి లాగుకొనిపోవును. కావున వారు క్షేమమైన చోట ఎరుపు పసుపు రంగుల జెండాలు రెండు పాతి, వాటి మధ్యనే స్నానము చేయుడని హెచ్చరింతురు. అయినను జెండాలు దాటువారు ఉండనే ఉందురు. అట్టివాడు చేయెత్తి కేకవేసినప్పుడు, "ఎందుకు దాటితివి?" అని కావలివారు ఒడ్డున నిలిచి అడుగరు. ముందు నీటిలోనికి దిగుదురు.

1938 ఫిబ్రవరి 6వ తేదీ ఆదివారమున వరుసగా వచ్చిన పెద్ద అలలు ఆ తీరమున సుమారు 250 మందిని లోతునకు ఈడ్చుకొనిపోయినవి. క్లబ్బువారు దిగి వారిని ఒడ్డునకు చేర్చిరి; అయినను ఐదుగురు మరణించిరి. ఆ దినమును నల్ల ఆదివారమని నేటికిని పిలుతురు. ఎవడు జాగ్రత్తగలవాడు, ఎవడు కాడు అని ఏర్పరచుటకు ఆ గడియలో ఎవరికి తీరిక యుండును?

మత్తయి 14వ అధ్యాయములో పేతురును చూడుడి. గాలికి భయపడి అతడు మునిగిపోసాగెను. ప్రభువు వెంటనే చేయి చాపి అతని పట్టుకొనెను. ఎందుకు సందేహపడితివని అడిగినది ఆ తరువాతనే. గద్దింపు లేకపోలేదు, కాని అది చేయి విడువనివాని గద్దింపు. మనము మంచివారమైన తరువాత క్రీస్తు మనకొరకు చనిపోలేదని రోమా 5:8 మనకు జ్ఞాపకము చేయుచున్నది.

అట్లయిన తప్పిదమునకు ధైర్యమిచ్చినట్లు కాదా అని కొందరడుగవచ్చును. రక్షించువారు ఉన్నారు గనుక జెండాలు అక్కరలేదని ఆ క్లబ్బువారు అనుకొనలేదు. జెండా పాతువారును వారే, నీట దిగువారును వారే. కృప ఉన్నది గనుక పాపములో నిలిచియుండవచ్చునా అను ప్రశ్నకు పౌలు కూడ రోమా 6వ అధ్యాయములో కూడదనియే జవాబిచ్చెను.

మన సంఘములో త్రాగుడుచేత అప్పుల పాలైన సహోదరుడు ఉండవచ్చును. పెద్దలు కూర్చుండి అతని తప్పులు లెక్కించునంతలో అతని పిల్లలు పస్తుండకూడదు. ముందు ఆ యింటికి బియ్యము చేరవలెను. అతనిని త్రాగుడునుండి తప్పించుటకు అతని ప్రక్కను నడచువారు కావలెను. మందలింపు ఆ తరువాత చెప్పుదము. అప్పుడు అతడు వినును.

ఒడ్డున నిలిచి తీర్పు తీర్చుట సులభము. ఈ మాసములో మన మధ్య ఎవరు చేయెత్తుచున్నారో చూతము. ప్రభువు మనకు చూచు కన్నులను, దిగు పాదములను దయచేయును గాక.