సాన మీద కత్తి, సంగత్‌లో మనిషి

ఈ కాలంలో ఎవరిని చూసినా ఒకటే ఆరాటం: నాలో ఏ లోపమూ కనబడకూడదని. ఫోటో తీసుకుంటే ముఖం మీది మచ్చను ఫోను చెరిపేయాలి. పిల్లవాడు 90 మార్కులు తెస్తే, మిగిలిన 10 ఏమయ్యాయని అడుగుతాం. ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో అద్దాల మేడల మధ్య పనికి తిరిగే మన కుర్రవాడికి తండ్రి చేతి మసి సిగ్గనిపిస్తుంది. మెల్లగా దస్తార్ కూడా బరువవుతుంది. లోపం లేని మనిషిని కావాలనే ఈ పరుగులో, గురువు ఇచ్చిన రూపాన్నే పోగొట్టుకుంటున్నాం.

మన పేరులోనే దీనికి జవాబు ఉంది. సిక్లీగర్ అంటే ఆయుధానికి మెరుగు పెట్టేవాడు. కత్తికి సానపట్టే పెద్దలను అడగండి. చక్రం మీద కత్తిని ఎక్కువసేపు అదిమితే వాదర వేడెక్కి నీలం తిరుగుతుంది, ఉక్కు పదును చస్తుంది. అందుకే కాస్త సానపట్టి నీళ్లలో ముంచుతారు, మళ్లీ పడతారు. ఈరోజు తళతళలాడిన కత్తిని ఊరికే వదిలేస్తే కొన్నాళ్లకు తుప్పు పడుతుంది. ఒక్కసారి మెరుగు పెట్టి చేయి దులుపుకునే కత్తి లోకంలో లేదు. మనసు కూడా అంతే. నిత్‌నేమ్ దాని సాన, సంగత్ దాని చల్లని నీళ్లు.

గురువాణి వాహిగురువును, సద్గురువును 'పూరా' అంటుంది. మన తెలుగులో అది పూర్ణం. పొరపాటు లేనిది కర్తకూ గురువుకూ మాత్రమే. మనమందరం తప్పులు చేసేవాళ్లమే. నేనొక్కడినే తప్పు లేనివాణ్ణి కావాలనుకోవడం అహంకారమే. గురువు మన నుంచి అడిగింది సాబత్ సూరత్, అంటే కర్త ఇచ్చిన రూపాన్ని నిండుగా నిలుపుకోవడం.

ఢిల్లీ వెళ్లిన ప్రతి కుటుంబమూ బంగ్లా సాహిబ్‌లో తల వంచుతుంది. అది రాజా జైసింగ్ బంగళా. 1664లో శ్రీ గురు హర్‌క్రిషన్ సాహిబ్ అక్కడ బస చేశారు. ఐదేళ్ల వయసులోనే గురుగద్దె ఎక్కిన బాలగురువు ఆయన. నగరంలో మశూచి చెలరేగింది. రోగులను చూసి జనం దూరం జరిగితే, గురువు దగ్గరికి వెళ్లి ఆ బంగళా బావి నీళ్లు ఇచ్చి సేవ చేశారు. చివరికి ఆ జబ్బు ఆయన శరీరానికీ సోకింది. ఎనిమిదేళ్లు నిండకుండానే, 1664 మార్చి 30న జోతీ జోత్ సమాయారు. యమున ఒడ్డున అంత్యక్రియలు జరిగిన చోట నేడు బాలా సాహిబ్ గురుద్వారా ఉంది.

ఒక్క నిమిషం ఆలోచించండి. మశూచి సోకిన ఆ ముఖ దర్శనాన్నే మనం రోజూ అర్దాస్‌లో దుఃఖాలు తీర్చేదిగా తలచుకుంటాం. ఏ ఫోనూ ఆ ముఖానికి అందం కూర్చలేదు. సేవే ఆ అందం.

అయితే, తప్పులు సహజమే కదా అని ఊరుకోవడమూ తప్పే. తుప్పు పట్టిన కత్తిని వినయం అని ఎవరూ అనరు. కాబట్టి అన్నల్లారా, అక్కల్లారా, ఈ ఇంటి నుంచే మొదలుపెడదాం. బిడ్డ మార్కుల కాగితం తెచ్చినప్పుడు ముందు దగ్గరికి తీసుకోండి, తర్వాత తప్పు దిద్దండి. నల్లని మచ్చ ఉన్న కూతురిని పెళ్లి చూపుల్లో దాచకండి. కొలిమి మసి అంటిన తండ్రి చేతిని పిల్లలకు గర్వంగా చూపించండి. అది కిరత్ చేసిన చేయి. తప్పు చేసి దూరమైన తమ్ముడిని సంగత్‌కు పిలవండి. సానకు రాని కత్తికి పదును ఎక్కడిది?

ఈ సాయంత్రం రహిరాస్ చదివాక, మన లోపాలను దాచకుండా గురువు ముందు పెట్టి అర్దాస్ చేద్దాం. పూర్ణుడైన గురువే మనకు మెరుగు పెడతాడు.

వాహిగురూ జీ కా ఖాల్సా, వాహిగురూ జీ కీ ఫతే!